చార్ట్‌లో కనిష్ఠ ధర (లో) 166.20, మరి నా 165 స్టాప్‌లాస్ ఎలా కొట్టేసింది?

గుంటూరు_ట్రేడర్:
అన్నలూ, రెండ్రోజుల్నుంచి ఇదే బుర్ర తినేస్తోంది. మంగళవారం నిఫ్టీ ఎక్స్‌పైరీ (ఆప్షన్ల గడువు ముగిసే) రోజు ఒక కాల్ ఆప్షన్ (నిఫ్టీ పెరిగితే లాభమొచ్చేది) 182కి కొన్నా, నష్టం పెరక్కుండా దానంతటదే అమ్మేసే స్టాప్‌లాస్ ట్రిగ్గర్ 165 (అక్కడికి దిగితే అమ్మకం మొదలు), లిమిట్ 163 (అంతకంటే తక్కువకి అమ్మదు) పెట్టేసి టీకి వెళ్ళా. వచ్చేసరికి 10:42కే 164.30 దగ్గర అమ్మేసి ఉంది. సరే పోతే పోయిందిలే అని చార్ట్ తెరిస్తే ఆ నిమిషం క్యాండిల్ (ఆ నిమిషంలో ధర కదలికల్ని చూపే గీత) చూపే లో 166.20, అంతకంటే కిందకి రానేలేదు! ఆ తర్వాత 210 దాకా పోయింది, అదింకా మంట. నా రూమ్మేట్‌ది వేరే బ్రోకర్, వాడి యాప్‌లో అదే స్ట్రైక్ (ఆప్షన్‌కి ముందే ఖాయం చేసిన నిఫ్టీ స్థాయి), అదే నిమిషానికి లో 164.50 చూపిస్తోంది. ఎక్స్ఛేంజ్ ఒక్కటే కదా, రెండు యాప్‌ల్లో రెండు లోలు ఎలా వస్తాయి? కస్టమర్ కేర్ వాళ్ళు ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చిందే చూపిస్తాం సార్ అని పెట్టేశారు. ఇది మోసమా? డబ్బులు కట్టి మంచి ఫీడ్ (ధరల డేటా) తీసుకుంటే సరిపోతుందా?

శ్రీను_ఆప్షన్స్:
తమ్ముడూ, మోసం అని అప్పుడే అనుకోకు. మన యాప్‌లకి వచ్చేది ప్రతి ట్రేడూ కాదు, స్నాప్‌షాట్ మాత్రమే, అంటే సెకనుకి ఒకటో రెండో మూడో సార్లు ఆ క్షణానికి చివరి ధర ఎంతుందో అది పంపిస్తారు. ఎక్స్‌పైరీ రోజు అప్పటి నిఫ్టీకి దగ్గరి స్ట్రైక్‌లో ఒక్క సెకనులోనే బోలెడన్ని ట్రేడ్లు అయిపోతాయి, రెండు స్నాప్‌షాట్‌ల మధ్యలో ధర 164.30కి వెళ్ళి వెనక్కొస్తే నీ చార్ట్‌కి ఆ సంగతే తెలీదు. నీ స్టాప్‌లాస్ మాత్రం ఎక్స్ఛేంజ్ అయిన ఎన్‌ఎస్‌ఈ దగ్గరే కూర్చుని ఉంటుంది, అది నీ చార్ట్‌ని చూసి ట్రిగ్గర్ అవ్వదు. ప్రతి ఆర్డర్, ప్రతి ట్రేడ్ ఉండే టిక్ బై టిక్ ఫీడ్ వేరే, అది కోలొకేషన్‌లో, అంటే ఎక్స్ఛేంజ్ ప్రాంగణంలోనే, సర్వర్లు పెట్టుకున్న పెద్దోళ్ళకి, మన ఫోన్‌కి రాదు. మీ ఇద్దరి బ్రోకర్లు స్నాప్‌షాట్ పట్టుకున్న క్షణాలు వేరు, అందుకే లోలు వేరు, ఆ మాటకొస్తే రెండిట్లోనూ నీ 164.30 లేదు చూడు.

లక్ష్మి_కోడింగ్:
శ్రీను గారు చెప్పింది కరెక్టండి, ఒకటి కలుపుతా. నేను వెబ్‌సాకెట్‌తో (డేటా ఆగకుండా వచ్చే కనెక్షన్) టిక్‌లు (ఒక్కో ధర అప్‌డేట్) తీసుకుని సొంతంగా నిమిషం క్యాండిల్స్ కట్టుకుంటాను, మొదట్లో నా క్యాండిల్స్ బ్రోకర్ చార్ట్‌తో అస్సలు కలిసేవి కావు, వారం తల పట్టుకున్నా. చివరికి చూస్తే నేను టిక్ నా ల్యాప్‌టాప్‌కి చేరిన టైమ్‌తో క్యాండిల్‌లో వేస్తున్నా, ప్యాకెట్‌లో (ఒక్కో టిక్‌తో వచ్చే డేటా) ఎక్స్ఛేంజ్ టైమ్ విడిగా ఉంటుంది. 59వ సెకనులో జరిగిన ట్రేడ్ కాస్త లేటుగా వస్తే పక్క నిమిషంలో పడిపోతుంది, ఆ నిమిషం క్లోజూ (చివరి ధర), పక్క నిమిషం ఓపెనూ (మొదటి ధర) రెండూ మారతాయి. ఇంకోటి, వాల్యూమ్ మాత్రం పోదు, ఎందుకంటే ప్రతి ప్యాకెట్‌లో పొద్దున్నుంచి మొత్తం వాల్యూమ్ ఎంతో వస్తుంది, మధ్యలో పది ట్రేడ్లు మనకి కనపడకపోయినా లెక్క సరిపోతుంది. ఆ రోజు హై, లో కూడా ప్యాకెట్‌లోనే ఎక్స్ఛేంజ్ లెక్క ప్రకారం వస్తాయి. అందుకే ఒక్కోసారి మార్కెట్‌వాచ్‌లో (యాప్‌లో ధరల జాబితా) ఆ రోజు మొత్తం లో ఒకటుంటుంది, ఏ క్యాండిల్‌లోనూ ఆ ధర దొరకదు. పోయేదల్లా మధ్యలో వచ్చిన హై, లోలే, సరిగ్గా మన స్టాప్‌లాస్‌లు ఉండేదీ అక్కడే.

పాత_ట్రేడర్_వైజాగ్:
ఫీడ్ కోసం డబ్బులు తగలెయ్యకు బాబూ. చేత్తో ఆర్డర్ కొట్టేవాడికి అర సెకను తేడాతో ఏం ఒరగదు. దానికంటే నిఫ్టీ లాంటి ఇండెక్స్ చార్ట్ ఒక్కదాన్నే నమ్ముకుని ఆప్షన్స్ ఆడటం ప్రమాదం, అది ట్రేడ్ అయిన ధర కాదు, షేర్ల ధరల్నుంచి లెక్కకట్టిన అంకె. 2021 ఫిబ్రవరి 24న చూశాం కదా, పదింటి తర్వాత నిఫ్టీ, బ్యాంక్ నిఫ్టీ అంకెలు కదలడం ఆగిపోయాయి, షేర్లేమో ట్రేడ్ అవుతూనే ఉన్నాయి, 11:40కి ఎన్‌ఎస్‌ఈ మొత్తం ఆపేసింది, మళ్ళీ 3:45కి తెరిచి 5 దాకా నడిపారు. ఆ రోజు నా దగ్గర నాలుగు లాట్లున్నాయి, కదలని ఇండెక్స్ చూసుకుంటూ ఎటూ తేల్చుకోలేక చేతులు వణికాయి. అప్పట్నుంచి పక్కనే ఫ్యూచర్స్ చార్ట్ (అది నిజంగా ట్రేడ్ అయిన ధర) తెరిచి పెట్టుకుంటున్నా.
నీ అనుమానం తీరాలంటే కాంట్రాక్ట్ నోట్ (బ్రోకర్ పంపే ట్రేడ్ల రసీదు) తియ్యి, ఆర్డర్ నంబర్, ట్రేడ్ నంబర్, టైమ్ అన్నీ ఉంటాయి, ఎన్‌ఎస్‌ఈ సైట్‌లో ట్రేడ్ వెరిఫికేషన్‌లో కొట్టి చూసుకో. అక్కడ లేకపోతే అప్పుడు గొడవపడు, మేమూ వస్తాం.

గుంటూరు_ట్రేడర్:
కొట్టి చూశా అన్నా, 10:42:17, 164.30, క్వాంటిటీతో సహా కలిసింది. బ్రోకర్ తప్పు లేదు, ఈ ముక్క ఆ కస్టమర్ కేర్ వాళ్ళు ఒక్క నిమిషం ఓపిగ్గా చెప్పుంటే రెండు రాత్రులు నిద్ర ఉండేది. లక్ష్మి గారూ, ఆ ఎక్స్ఛేంజ్ టైమ్‌తో క్యాండిల్ కట్టే కోడ్ కొంచెం ఇక్కడ పెడతారా, నేనూ ఒక నెల రోజులు రాసి పెట్టుకుని చూస్తా.