వైఫై వాడుకున్న దుకాణం పేటెంట్ సొమ్ము కట్టాలా?

బొబ్బిలి వీణ: అమెరికాలో ఇన్నోవేషియో అనే కంపెనీ వైఫై పేటెంట్ల పేరుతో కాఫీ షాపుల మీద, హోటళ్ల మీద కేసులు వేసింది. ఒక్కో చోట వేల డాలర్లు అడిగింది. 2013లో షికాగో కోర్టు కట్టిన లెక్క మాత్రం ఒక్కో వైఫై చిప్‌కి 9.56 సెంట్లు. బొబ్బిలిలో నాది నెట్ సెంటర్. రేపు ఇక్కడికీ ఇలాంటి నోటీసు వస్తే?

నాగావళి: వస్తే కట్టాలి. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ సంగతి చూడండి. గదిలో వైఫై సిగ్నల్ గోడలకు కొట్టుకుని గజిబిజి అవకుండా చేసే పద్ధతికి 1996లో అమెరికా పేటెంట్ తెచ్చుకుంది. కంపెనీలు వాడుకున్నాయి, డబ్బు మాత్రం ఇవ్వలేదు. రౌటర్లు చేసే బఫెలో కంపెనీ మీద 2005లో కేసు వేసి గెలిచింది. ఆ తర్వాత 2009లో 14 కంపెనీలు రాజీకొచ్చాయి.

బొబ్బిలి వీణ: అవన్నీ కంపెనీలు. నేనడిగింది దుకాణం గురించి.

రాజాం కుర్రాడు: తొమ్మిది సెంట్లే కదా, ఇచ్చేస్తే పోలా?

బొబ్బిలి వీణ: 9.56. అదీ చిప్ చేసినవాడి దగ్గర తీసుకోవాల్సింది.

నాగావళి: మన 1970 పేటెంట్ చట్టం 48వ సెక్షన్లో తయారీ, అమ్మకంతో పాటు వాడకం కూడా ఉంది. చదవండి.

బొబ్బిలి వీణ: మా బాబాయి షాపులో టీవీ నడుస్తోందని ఒకడొచ్చి, ఏదో కోర్టు కాగితం చూపించి డబ్బు పట్టుకుపోయాడు. అది నిజమైన కాగితమో కాదో ఇప్పటికీ తెలీదు. మీరు సెక్షన్లు చెబుతున్నారు!

నాగావళి: పలాసలో మా నాన్న జీడిగింజలు కోసే మిషన్‌కి కొత్త బ్లేడు అమరిక చేశారు. చూసిపోయినవాడు అదే చేసి అమ్ముకున్నాడు. కొన్నవాళ్లంతా మావాళ్లే. ఒక్కరూ పైసా ఇవ్వలేదు.

బొబ్బిలి వీణ: ఆ కోపం నా దుకాణం మీద చూపిస్తే ఎలా అండీ?

నాగావళి: అది ఎవరు చేశారో వాళ్లకి తెలుసు. తెలిసే కొన్నారు. నా బాధ అదే.

గంటస్తంభం: ఇద్దరూ ఆగండి. 111వ సెక్షన్ చూడండి. పేటెంట్ ఉందని తెలియదనీ, తెలిసే అవకాశమూ లేదనీ రుజువు చేసుకుంటే నష్టపరిహారం కట్టక్కర్లేదు.

బొబ్బిలి వీణ: అదీ మాట. బిల్లుతో కొన్న రౌటర్ లోపల ఎవరి పేటెంట్ ఉందో నాకెలా తెలుస్తుంది?

నాగావళి: నోటీసు అందాక తెలిసినట్టే కదా.

బొబ్బిలి వీణ: నోటీసు ఎవడైనా రాస్తాడు. ఆ పేటెంట్ చెల్లుతుందని కోర్టులో తేల్చుకుని, తయారుచేసిన కంపెనీని అడగమనండి. అప్పటిదాకా నేను కట్టను.