ఎల్క్‌కీ మ్యూల్ డీర్‌కీ కలిపి ఒకటే రైఫిల్: ఏ తూటా మేలు?

పిల్లబాట అడిగారు:
ఉండేది డాలస్‌లో. అక్టోబరు చివర్లో కొలరాడో రెండో రైఫిల్ సీజన్‌కి ఆడ ఎల్క్ (పెద్ద జాతి జింక) ట్యాగు, మ్యూల్ డీర్ (అంతకన్నా చిన్న జింక) ట్యాగు రెండూ ఉన్నాయి. ట్యాగంటే ఒక జంతువుని వేటాడే అనుమతి. టెక్సస్ హంటర్ ఎడ్యుకేషన్ అయిపోయింది. ఇప్పటిదాకా .22, .223 తప్ప పెద్ద రైఫిల్ కాల్చలేదు. కొనేది ఒక్కటే. 6.5 క్రీడ్‌మూర్, .308, .30-06, 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్, .300 విన్చెస్టర్ మ్యాగ్నమ్, వీటిలో ఏది? దుకాణంలో ఎల్క్ అంటే మ్యాగ్నమ్ (ఎక్కువ మందు పట్టే శక్తిమంతమైన తూటా) లేకుండా కుదరదంటున్నారు. 300 గజాలు దాటి కాల్చే ఉద్దేశం లేదు. జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో చావడం మాత్రం జరగకూడదు.

దేవదారు:
ముందు మాటలు తేల్చుకుందాం, లేకపోతే దుకాణంలోనూ ఇక్కడా తికమకే. తూటా అంటే ఇత్తడి తొడుగు, ప్రైమర్ (మందుని అంటించేది), తుపాకి మందు, గుండు అన్నీ కలిసినది. జంతువుకి తగిలేది గుండు ఒక్కటే. వాదనలన్నీ తూటా పేరు మీదే నడుస్తాయి గానీ, ఎల్క్ పడిందా లేదా అన్నది ఆ గుండు కట్టుబడిని బట్టి, అది తగిలిన చోటుని బట్టి ఉంటుంది.

కొలరాడోలో ఎల్క్‌కి కనీస నిబంధన: .24 క్యాలిబర్ (గుండు వెడల్పు, అంగుళాల్లో), 85 గ్రెయిన్ల గుండు (గ్రెయిను అంటే గుండు బరువు కొలత), 100 గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్ల శక్తి, తగిలాక విచ్చుకునే రకం. ఆ లెక్కన .243 విన్చెస్టర్ కూడా చెల్లుతుంది. చెల్లుతుంది కదా అని ఎల్క్ మీదకి తీసుకెళ్లకండి. 100 గ్రెయిన్ల గుండు భుజం ఎముకకి తగిలితే లోపలికి వెళ్లడానికి దానికి మిగిలేది తక్కువ.

మీకు నేను చెప్పేది .308 లేదా .30-06. 165 గ్రెయిన్ల గుండుతో ఈ రెండిటికీ తేడా సెకనుకి ఓ వంద అడుగులు. ఆ తేడా ఎల్క్‌కి తెలియదు. .30-06 1906 నాటిది, .308 1952 నాటిది, రెండిటికీ తూటాలు ఏ చిన్న ఊళ్లో అయినా దొరుకుతాయి. సామాను తప్పిపోయిన రోజున దాని విలువ తెలుస్తుంది.

మ్యాగ్నమ్ వద్దనడానికి కారణం తన్ను, అంటే కాల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి నెట్టే దెబ్బ. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మూర్ సుమారు 12–13 అడుగు-పౌండ్లు తంతుంది, .308 17–18, .30-06 20, .300 విన్ మ్యాగ్ 26 పైనే. .223 నుంచి నేరుగా 26కి వెళితే ట్రిగ్గర్ నొక్కే ముందే కన్ను మూసుకుంటుంది, భుజం ముందుకి తోస్తుంది. దాంతో గుండు ఊపిరితిత్తులకి బదులు పొట్టలోకి పోతుంది. గొట్టం చివర బిగించే మజిల్ బ్రేక్ తన్నుని తగ్గిస్తుంది, కానీ చెవులకి, పక్కనున్నవాళ్ల చెవులకి మరీ నష్టం.

ఇక గుండు సంగతి. రాగి తొడుగులో సీసం పోసిన మామూలు గుండు మ్యూల్ డీర్‌కి చాలు. ఎల్క్ భుజానికి దగ్గరి నుంచి తగిలితే తొడుగు, సీసం విడిపోయి పైపైనే చితికిపోవచ్చు. మ్యాగ్నమ్‌తో ఈ బెడద ఇంకా ఎక్కువ, ఎందుకంటే 50 గజాల దగ్గర వేగం మరీ ఎక్కువగా ఉంటుంది. అందుకని తొడుగుకి సీసాన్ని అతికించిన బాండెడ్ గుండు (నాస్లర్ అక్యూబాండ్ లాంటిది), మధ్యలో అడ్డుగోడ ఉన్న నాస్లర్ పార్టిషన్, లేదా పూర్తిగా రాగితో చేసిన బార్న్స్ టీటీఎస్ఎక్స్ తీసుకోండి. మ్యాచ్ గుండ్లు పోటీలకి చేసినవి, వేటకి వద్దు. విచ్చుకోని ఫుల్ మెటల్ జాకెట్ కొలరాడోలో ఎటూ నిషిద్ధం.

గాలివాటం:
దేవదారు గారు గుండు గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఈ ప్రశ్న వేసిన మనిషికి నేనైతే 6.5 క్రీడ్‌మూర్ ఇస్తాను.

143 గ్రెయిన్ల గుండు సెకనుకి 2700 అడుగుల వేగంతో బయలుదేరితే 300 గజాల దగ్గర ఇంకా 2280 దాకా మిగులుతుంది, శక్తి 1650 అడుగు-పౌండ్లు. ఎల్క్‌కి 1500 ఉండాలని అందరూ అంటారు. అది చేతి లెక్క మాత్రమే, శరీరశాస్త్రం కాదు. జంతువుని చంపేది శక్తి అంకె కాదు, ఊపిరితిత్తులూ పెద్ద రక్తనాళాలూ చిరిగి మెదడుకి రక్తం అందకపోవడం. అసలు చూడాల్సిన అంకె తగిలే వేగం. చాలా బాండెడ్ గుండ్లు 1800 అడుగుల దాకా విచ్చుకుంటాయి. రాగివి 2000 పైన ఉంటేనే నేను నమ్ముతాను. అంతకన్నా తగ్గితే పెన్సిల్ గుచ్చినట్టు సన్నటి రంధ్రం చేసి పోతాయి, జంతువు మైళ్లు నడుస్తుంది.

పెట్టె మీద అచ్చువేసిన వేగం సాధారణంగా 24 అంగుళాల గొట్టంతో కొలిచింది. మీ రైఫిల్‌ది 20 అంగుళాలైతే అంగుళానికి 20–25 అడుగుల చొప్పున తీసేసి లెక్కేసుకోండి. ఇది మరిచిపోయి ఆఖరి దూరం నిర్ణయించేవాళ్లే ఎక్కువ.

గాలి విషయంలో కూడా 6.5కే మొగ్గు. 300 గజాల దగ్గర గంటకి 10 మైళ్ల అడ్డగాలి దీన్ని ఐదు అంగుళాల చిల్లర పక్కకి నెడితే, .308లో 165 గ్రెయిన్ల గుండుని ఏడు అంగుళాల దాకా నెడుతుంది. పొద్దెక్కాక కొండవాలు మీద గాలి ఎలా తిరుగుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

దేవదారు:
గాలి లెక్క ఒప్పుకుంటాను. ఆడ ఎల్క్, 300 లోపు, పక్కవాటుగా నిలబడి ఉంటే 6.5కి నా అభ్యంతరం లేదు. కానీ ఎల్క్ ఎప్పుడూ పక్కవాటుగా నిలబడదు. ఏటవాలుగా అటు తిరిగి ఉంటే గుండు పొట్ట అంచు మీదుగా రెండున్నర అడుగుల కండ దాటాలి. అక్కడ 30 క్యాలిబర్ బరువు పనికొస్తుంది, రెండో పక్క రంధ్రం పడే అవకాశం పెరుగుతుంది. రెండు రంధ్రాలుంటేనే నేల మీద రక్తం జాడ సరిగ్గా దొరుకుతుంది. 6.5 తీసుకుంటే అలాంటి కోణాలు వదిలేసే ఓపిక ఉండాలి.

ఎర్రజొన్న:
తమ్మీ, తూటా కన్నా ముందు ఒక మాట. నువ్వు హెచ్-1బి లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీదుంటే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. మినహాయింపుల్లో మనవాళ్లకి పనికొచ్చేది ఒకటి: ఏదైనా అమెరికన్ రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఇదే అడుగుతారు, అప్పుడు ఆ లైసెన్సు చూపాలి. లైసెన్సు గడువు తీరిందంటే మినహాయింపు కూడా పోయినట్టే, రైఫిల్ ఇంట్లో బీరువాలో ఉన్నా సరే. కాబట్టి మరుసటి ఏడాది లైసెన్సు ముందే తీసుకో. గ్రీన్ కార్డు ఉంటే ఈ గొడవ లేదు. ఫారంలో తప్పుడు జవాబు రాస్తే కేసుతో పాటు వీసా కూడా పోతుంది. అనుమానముంటే లాయర్‌ని అడుగు, దుకాణం వాణ్ని కాదు.

ఇండియా నుంచి ఇది చదివేవాళ్లకి: మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం. ఈ చర్చ అమెరికాలో లైసెన్సు, ట్యాగు ఉన్న వేట వరకే.

కొలరాడోలో ఇంకోటి, ఒంటి మీద 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ నారింజ గానీ గులాబీ గానీ ఉండాలి. తల మీద కూడా అదే రంగు, అన్ని వైపుల నుంచీ కనబడాలి.

పిల్లబాట:
హెచ్-1బి మీదే ఉన్నాను, ఈ సంగతి నిజంగా తెలియదు. ముందు లైసెన్సు, తర్వాతే దుకాణం. అందరికీ దండాలు.

.308కే మొగ్గుతున్నాను, 22 అంగుళాల గొట్టం. మాంసం ఇంట్లో చిన్నపిల్లలు తింటారు, అందుకని రాగి గుండు అనుకుంటున్నాను. ఎన్ని గ్రెయిన్లు? ప్రాక్టీసు ఎలా చేయాలి? తగిలాక ఎంతసేపు ఆగాలి?

దేవదారు:
పిల్లల కోసమైతే రాగి మంచి నిర్ణయం. సీసపు గుండు చితికినప్పుడు కంటికి కనపడని తునకలు గాయానికి చాలా దూరం దాకా పోతాయి, ఎక్స్‌రేలో చుక్కల్లా కనబడతాయి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసపు గుండ్లే వాడకూడదు, అక్కడ ముఖ్యంగా కాండోర్ రాబందుల కోసం.

సీసంతో 165 అనుకుంటే రాగితో 150 తీసుకోండి. సీసం కన్నా రాగి తేలిక, అదే బరువు గుండు రాగిదైతే పొడవు పెరుగుతుంది, ఇత్తడి తొడుగులో మందుకి చోటు తగ్గుతుంది, వేగం పడిపోతుంది. రాగి గుండు తగిలాక బరువు దాదాపు పోగొట్టుకోదు కాబట్టి 150 అయినా లోతుకి వెళుతుంది. తేలికదైతే వేగం ఎక్కువ, విచ్చుకోవడం ఖాయం. మీ 300 గజాల హద్దు దీనికి సరిగ్గా సరిపోతుంది.

వేరే రకం గుండు మీద చేసిన జీరో (ఒక దూరంలో గుండు సరిగ్గా గురి మీద పడేలా స్కోప్‌ని సరిచేయడం) దీనికి పనికిరాదు. రెండు మూడు కంపెనీల పెట్టెలు కొని, మీ గొట్టానికి ఏది దగ్గరదగ్గరగా పడుతుందో చూసి, నచ్చినదే ఐదారు పెట్టెలు ఒకేసారి, వీలైతే ఒకే లాట్ నంబరుతో తీసుకోండి. చవక తూటాతో ప్రాక్టీసు చేసి ఆఖరి రోజున ఖరీదైనది లోడు చేయడం పెద్ద తప్పు.

తూటా అడుగున ఉన్న అక్షరాలు, గొట్టం మీద చెక్కిన పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉండాలి. .300 విన్ మ్యాగ్ వేరు, .300 డబ్ల్యూఎస్ఎం వేరు. ఒకే బల్ల మీద రెండు రైఫిళ్ల తూటాలు కలిపి పెట్టకండి.

గాలివాటం:
సరే, .308తోనే చెబుతాను. 200 గజాలకి జీరో చేయండి. 100 దగ్గర గుండు రెండు అంగుళాలు పైన పడుతుంది, 250 దగ్గర మూడు నాలుగు అంగుళాలు కింద, 300 దగ్గర ఎనిమిది కింద. అంటే 250 దాకా గురి మధ్యలోనే, స్కోప్ ముట్టుకోనక్కర్లేదు.

బల్ల మీద జీరో అయ్యాక బల్ల వదిలేయండి. ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేటు పెట్టి, బ్యాగు మీద ఆనించి బోర్లా పడుకుని, కూర్చుని, షూటింగ్ స్టిక్స్‌తో మోకాలి మీద కాల్చండి. ఏ భంగిమలో ఎంత దూరం దాకా పదికి పదీ ప్లేటులో పడతాయో, ఆ భంగిమలో అదే మీ హద్దు. పడుకుని 300 వచ్చి మోకాలి మీద 150యే వస్తే, కొండ మీద మోకాలి మీదున్నప్పుడు 150యే. ఒక పూటకి 20 తూటాలు చాలు, ఆ తర్వాత భుజం నేర్చుకునేది భయమే. మధ్యమధ్యలో మిత్రుడి చేత డమ్మీ తూటా కలిపించండి. క్లిక్కుమన్నప్పుడు గొట్టం కిందికి ఊగితే తప్పు మీకే కనిపిస్తుంది. మిగతా ప్రాక్టీసు .22తో చేసుకోండి.

గురి ఎక్కడంటే, పక్కవాటుగా ఉన్నప్పుడు ముందుకాలు వెంట పైకి వెళ్లి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర, భుజానికి కాస్త వెనక. అటు ఏటవాలుగా ఉంటే అవతలి ముందుకాలి వైపు గుండు వెళ్లేలా. ఎదురుగా, లేదా వెనక భాగం చూపిస్తూ ఉంటే ఆగండి. వెనకే ఇంకో ఎల్క్ ఉంటే అసలు కాల్చకండి, గుండు దాటిపోయి దానికీ తగులుతుంది.

కాల్చగానే బోల్ట్ తిప్పి మళ్లీ లోడు చేయండి. ఎల్క్ చాలాసార్లు ఏమీ జరగనట్టే నిలబడి ఉంటుంది. నిలబడి ఉన్నంతసేపూ మళ్లీ కాల్చండి. అది నిలబడిన చెట్టునో రాయినో గుర్తు పెట్టుకున్నాకే కదలండి, లోయ దాటాక ప్రతి చెట్టూ ఒకేలా ఉంటుంది. నురగతో లేత ఎరుపు రక్తమైతే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్లండి. ముదురు ఎరుపైతే కాలేయం, కనీసం నాలుగు గంటలు. పచ్చటి పసరు కనిపిస్తే పొట్ట, ఎనిమిది గంటలు తక్కువ కాదు. ముందే తరిమితే లేచి రెండో కొండ దాటుతుంది. మంచు గానీ వాన గానీ జాడని చెరిపేసేలా ఉంటే మాత్రం ఈ గంటలు తగ్గించుకోక తప్పదు.

ఎర్రజొన్న:
విమానంలో వెళితే రైఫిల్ ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో, చెక్-ఇన్ దగ్గర చెప్పి ఇవ్వాలి. తూటాలు కంపెనీ పెట్టెలోనే చెక్-ఇన్ సామానులో. చాలా ఎయిర్‌లైన్స్‌లో 5 కిలోల హద్దుంది, ముందే చూసుకో. డాలస్‌లో జీరో చేసి 9,500 అడుగుల ఎత్తుకెళితే గాలి పలచన, గుండు కాస్త పైనే పడుతుంది. 300 లోపు ఆ తేడా చిన్నదే. సామాను ఎక్కించే చోట స్కోప్‌కి తగిలే దెబ్బే అసలు భయం. క్యాంపుకి చేరినరోజే, చల్లని గొట్టంతో 100 గజాలకి మూడు తూటాలు కాల్చి రెండు అంగుళాలు పైన పడుతున్నాయో లేదో చూసుకో. మరలు బిగించే రెంచ్ బ్యాగులో వెయ్యి.