కొమ్ము దువ్వెనల పని పెంచాలి: ముందు యంత్రమా, ఆర్డరా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. తాతల నాటి నుంచి గేదె కొమ్ముతో కొంగ, రొయ్య బొమ్మలు, దువ్వెనలు చేస్తున్నాం. పనికి నాన్న, నేను, మరో ఇద్దరు. కొంగలు చూసి అందరూ మెచ్చుకుంటారు, కొనేవారు మాత్రం తక్కువ.

ఇప్పుడు విశాఖలో ఒక వ్యాపారి నెలకు 2,000 దువ్వెనలు అడుగుతున్నారు. అన్నీ ఒకే మందం, పళ్ల మధ్య ఒకే ఎడం ఉండాలట. చిక్కంతా అక్కడే. కొమ్మును సెగ చూపి, మెత్తబడగానే చెక్కల మధ్య బిగించి చదును చేస్తాం. సెగ ఎక్కువైతే పొరలు లేస్తాయి, తక్కువైతే మర్నాటికి మళ్లీ వంగుతుంది. ఎప్పుడు తీయాలో నాన్న వాసన పట్టి చెప్పేస్తారు. ఆ ముక్కును యంత్రానికి ఎలా తగిలించడం?

వేడి పలకల ప్రెస్సు, పళ్లు కోసే రంపం కొనాలని ఉంది. చిన్న పరిశ్రమలకు చేసే ఉద్యం నమోదు అయింది. చేతివృత్తులవారికి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కొమ్ము పని పేరు లేదు. సబ్సిడీతో రుణమిచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో తొలి రుణమేమో కొత్త యూనిట్లకే. మరి మాలాంటి పాత కొట్టాలకు ఏ రుణం నయం? ఆంధ్రలోని పాతపట్నం మాకు సైకిల్ మీద వెళ్లివచ్చే దూరమే అయినా వేరే రాష్ట్రం; చిన్న సరుకు దాటించడానికీ జీఎస్టీ నంబరు తప్పదా?

కొమ్ముతో గానీ, అలాంటి సరుకుతో గానీ పని చేసినవారు చెప్పండి. 2,000కు ఒప్పుకోవాలా, 500తో మొదలుపెట్టాలా? మిగిలిన ముక్కలతో గుండీలు చేస్తే ఎవరు కొంటారు? అడ్వాన్సు ఎంత అడగాలో కూడా రాయండి, నాన్నకు డబ్బు అడగడమంటే మహా మొహమాటం.