బ్రిటన్ నుంచి వ్రోత్స్వాఫ్‌కు: కారు, కాగితాలు, మొదటి చలికాలం

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము పదకొండేళ్లుగా లెస్టర్‌లో ఉంటున్నాం. నాకూ పిల్లలిద్దరికీ బ్రిటిష్ పౌరసత్వం ఉంది. మా కంపెనీ నన్ను మూడేళ్ల పనిమీద పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌కు పంపుతోంది, జనవరిలో బయలుదేరుతున్నాం. ఇంగ్లండ్‌లో ఇన్నేళ్లు కారు నడిపిన అనుభవం అక్కడ ఎంతవరకు పనికొస్తుంది, లైసెన్సు సంగతి ఏం చేయాలి, రోజువారీ జీవితంలో ముందుగా తెలుసుకోవలసినవి ఏమిటి అన్నది అక్కడ ఉన్న పెద్దలు ఎవరైనా చెప్పగలిగితే మాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు

సోదరి గారికి నమస్కారం. నేను రెడింగ్‌లో పధ్నాలుగేళ్లు కారు నడిపి, మీలాగే బ్రిటిష్ పాస్‌పోర్టుతో 2021లో ఈ ఊరికి వచ్చాను. ఇల్లు, బడి విషయాలు ఇక్కడి మిగతా కుటుంబాలవారు నాకంటే బాగా చెప్పగలరు కనుక నేను రోడ్డు సంగతే ఎక్కువగా రాస్తాను. కుడివైపు నడపడం వారం పది రోజుల్లో చేతికి వచ్చేస్తుంది. ఎవరు ముందు వెళ్లాలన్న లెక్క మనసులో మారడానికి మాత్రం నాకు ఆరు నెలలు పట్టింది, ఆ ఆరు నెలల్లో ఒకసారి పెద్ద ప్రమాదమే తప్పిపోయింది.

వచ్చిన మూడో వారంలో ఈ ఊళ్లోని క్షికి ప్రాంతంలో ఇళ్ల మధ్య నుంచి వెళ్తున్నాను. నేనున్న రోడ్డు వెడల్పుగా ఉంది, కుడివైపు నుంచి ఒక సన్నని సందు వచ్చి కలుస్తోంది. ఇంగ్లండ్‌లో అయితే ఆ సందు మొదట్లో నేలమీద తెల్లగీతలు ఉంటాయి, అందులోంచి వచ్చేవాళ్లు ఆగుతారు. ఆ ధీమాతోనే నేను వేగం తగ్గించకుండా వెళ్లిపోబోయాను. సందులోంచి వచ్చిన బూడిదరంగు కారు కీచుమని బ్రేకు వేసి, నా తలుపుకు మూరెడు దూరంలో ఆగింది. నాకు గుండె గుభేలుమంది. అందులోంచి డెబ్బై ఏళ్ల పెద్దాయన దిగి, ఒక్క మాట కూడా తిట్టకుండా, దుమ్ముపట్టిన నా కారు బానెట్ మీద వేలితో ఒక కూడలి గీశారు. తన వేలిని కుడివైపు గీత మీద ఉంచి, అక్కడి నుంచి ముందుకు జరిపి, ‘స్ ప్రావెయ్, స్ ప్రావెయ్’ అని రెండుసార్లు అన్నారు. కుడివైపు నుంచి అని దాని అర్థం. ఆ గీత చెరపడానికి నాకు మనసొప్పక, వాన వచ్చి కడిగేదాకా అలాగే ఉంచాను.

ఆయన చెప్పింది ఇక్కడి రోడ్డు నియమాలన్నింటికీ పునాది. సిగ్నలు గానీ బోర్డు గానీ లేని కూడలిలో, మన రోడ్డు ఎంత వెడల్పుగా ఉన్నా సరే, కుడివైపు నుంచి వచ్చే బండికే ముందు దారి ఇవ్వాలి. పసుపుపచ్చ రంగులో డైమండు ఆకారపు బోర్డు కనబడితే మీరు ముందు వెళ్లే హక్కున్న రోడ్డు మీద ఉన్నారని అర్థం, అదే బోర్డు మీద నల్లని అడ్డగీతలు ఉంటే ఆ హక్కు అక్కడితో అయిపోయిందని అర్థం. రోడ్డు వాలకం చూసి హక్కును ఊహించుకునే అలవాటు మనది, ఇక్కడ బోర్డు చూసి తెలుసుకోవాలి. ఇంకొక ముఖ్యమైన మాట. ఇంగ్లండ్‌లో ఎదుటివారు లైట్లు మినుకుమనిపిస్తే ‘మీరు వెళ్లండి’ అన్న మర్యాదగా తీసుకుంటాం. ఇక్కడ దాన్ని అనుమతిగా ఎన్నడూ తీసుకోకండి. ముందు పోలీసులున్నారని హెచ్చరించడానికీ, పక్కకు తప్పుకోమని చెప్పడానికీ కూడా అలాగే వేస్తారు.

వ్రోత్స్వాఫ్‌లో ట్రాములు ఎక్కువ. బోర్డులేమీ లేని కూడలిలో ట్రాము ఎటు నుంచి వచ్చినా దానిదే ముందు దారి. కొన్ని స్టాపుల్లో ప్రయాణికులు నిలబడడానికి రోడ్డు మధ్య దిమ్మె ఉండదు, వాళ్లు ట్రాము దిగి తిన్నగా మన దారిలోకే అడుగు పెడతారు. అలాంటిచోట ట్రాము ఆగితే మనమూ ఆగి, వాళ్లందరూ పేవ్‌మెంటు చేరేదాకా కదలకూడదు. ఇది సౌజన్యం కోసం చేసేది కాదు, చట్టం. జీబ్రా క్రాసింగు విషయంలో కూడా 2021 జూన్ 1 నుంచి నియమం గట్టిపడింది: దాటుతున్నవారికే కాక, దాటడానికి అడుగు పెడుతున్నవారికి కూడా ఆగాలి. పాదచారి కోసం ఆగిన కారును పక్కనుంచి దాటుకుని పోతే 1500 జ్లోటీల (ఇక్కడి డబ్బు) జరిమానా, లైసెన్సు మీద 15 పెనాల్టీ పాయింట్లు పడతాయి. మొత్తం 24 పాయింట్లు మించితే లైసెన్సుకే ముప్పు కనుక ఆ ఒక్క తప్పు ఎంత బరువైనదో మీరే ఊహించవచ్చు.

ఎర్రలైటు పక్కన చిన్న ఆకుపచ్చ బాణం వెలిగితే కుడివైపు తిరగవచ్చు, కానీ మొదట బండిని పూర్తిగా ఆపాలి, ఆ తరువాత అందరికీ దారి ఇచ్చి తిరగాలి. వెనకనున్నవాళ్లు హారను కొట్టినా ఆగండి. లైట్లు పట్టపగలు కూడా, ఏడాది పొడవునా వేసే ఉంచాలి. వేగం ఊళ్లో 50, ఊరి బయట 90, రెండు వేరు దారులున్న ఎక్స్‌ప్రెస్ రోడ్ల మీద 120, మోటారువే మీద 140 కిలోమీటర్లు. మోటారువే మీదా ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీదా మీ వేగంలో సగం సంఖ్య ఎంతో, ముందు బండికి అన్ని మీటర్ల దూరం ఉంచాలి, అంటే 120లో వెళ్తుంటే 60 మీటర్లు. మన ఊరి నుంచి జర్మనీ వైపు వెళ్లే ఏ4 మోటారువేలో చాలా దూరం పక్కన బండి ఆపుకునే జాగా ఉండదు, లారీలు కిక్కిరిసి ఉంటాయి. ఆ దారిలో 140 అంకెను మరచిపోయి బోర్డుల మీద ఉన్న తక్కువ వేగాన్నే పాటించమని నా గట్టి సలహా.

మద్యం విషయం చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. ఇంగ్లండ్‌లో రక్తంలో మద్యం 0.8 ప్రొమిల్ (అంటే వెయ్యికి 0.8 వంతు) వరకు అనుమతి, ఇక్కడ 0.2 నుంచే తప్పు, 0.5 దాటితే నేరం. 2024 మార్చి నుంచి 1.5 దాటినవారి కారునే స్వాధీనం చేసుకుంటున్నారు. భోజనంతో ఒక గ్లాసు తీసుకున్నవారు తాళంచెవి ఇంకొకరికి ఇచ్చేయాలి, రాత్రి విందులో తీసుకున్నవారు మరుసటి ఉదయం కూడా ట్రాము ఎక్కడమే క్షేమం.

ఇక లైసెన్సు. మీరు ఇక్కడ నివాసం మొదలుపెట్టిన నాటి నుంచి ఆరు నెలలు మాత్రమే బ్రిటన్ లైసెన్సు చెల్లుతుంది, ఆలోగా దాన్ని పోలిష్ లైసెన్సుగా మార్చుకోవాలి. బ్రిటన్ 1968 నాటి వియన్నా రోడ్డు ఒప్పందంలో చేరిన దేశం కనుక మీరు పరీక్ష రాయనక్కరలేదు. అయితే నగర కార్యాలయంలోని వాహన విభాగం మీ లైసెన్సు నిజమైనదేనని బ్రిటన్‌కు రాసి నిర్ధారించుకుంటుంది, ఆ జవాబు వచ్చేదాకా మీ ఫైలు కదలదు. ఏడాదిలో కనీసం 185 రోజులు ఇక్కడ నివసిస్తున్నట్టు కూడా చూపాలి. అందుకని ఇంటి అద్దె ఒప్పందం, ఉద్యోగపత్రం, నివాసకార్డు దరఖాస్తు ఇవన్నీ మొదటి నెల నుంచే ఒక ఫైలులో పెట్టుకోండి. నేను ఐదో నెలలో మొదలుపెట్టి, ఆరు వారాలు కారును వీధిలో నిలబెట్టి బస్సుల్లో తిరిగాను, ఆ చలిలో పిల్లల్ని బడికి తీసుకెళ్లడం మా ఇంట్లో అందరికీ కష్టమయింది. మీకు ఆ అవస్థ వద్దు. పాత లైసెన్సు అప్పగించాలని దిగులుపడకండి, తిరిగి బ్రిటన్ వెళ్లినప్పుడు పోలిష్ లైసెన్సును పరీక్ష లేకుండానే మళ్లీ మార్చుకోవచ్చు. అది చేతికి వచ్చేదాకా బ్రిటన్ కార్డును ఎప్పుడూ వెంట ఉంచుకోండి. కార్డు వెంట లేకపోయినా ఫరవాలేదన్న సౌకర్యం పోలిష్ లైసెన్సు ఉన్నవారికి మాత్రమే.

కారు కొన్నాక బీమా లెక్క కూడా వేరు. ఇక్కడ ఓ.సి. అనే తప్పనిసరి బీమా మనిషికి కాక బండికి అంటిపెట్టుకుని ఉంటుంది. పాత కారు కొంటే దాని ఓ.సి. కూడా మీ చేతికే వస్తుంది, లైసెన్సు ఉన్న ఎవరు నడిపినా వర్తిస్తుంది. బ్రిటన్‌లో కారు వాడకుండా పెట్టేటప్పుడు ఒక కాగితం పంపి బీమా ఆపుకుంటాం కదా, ఇక్కడ ఆ వీలు లేదు. కారు కదలకపోయినా ఒక్కరోజు కూడా బీమా తెగకూడదు, తెగితే జరిమానా చాలా ఎక్కువ. అమ్మినవారు వ్యక్తి అయితే ధరలో 2 శాతం పన్ను 14 రోజుల్లో కట్టి, 30 రోజుల్లో మీ పేరున రిజిస్టరు చేయించుకోవాలి. లెస్టర్ వదిలేముందు మీ బీమా కంపెనీ నుంచి ఇన్నేళ్లు క్లెయిము లేదన్న ఉత్తరం తీసుకోండి, దాన్ని ఇక్కడి కొన్ని కంపెనీలు లెక్కలోకి తీసుకుంటాయి.

పెట్రోలు బంకులో ‘ఓ.ఎన్.’ అని ఉన్నది డీజిలు. చిన్న విషయమే, పొరబడితే ఇంజను పోతుంది.

మీరు జనవరిలో వస్తున్నారు కనుక మొదటి రోజు నుంచే చలికాలపు టైర్లు కావాలి. అవి ఉండి తీరాలని ఇక్కడి చట్టం చెప్పదు, అయినా నాకు తెలిసినవారిలో అవి లేకుండా తిరిగేవారు లేరు. మొదటి మంచు పడిన ఉదయాన టైర్లు మార్చే దుకాణాల ముందు బారులు తీరతారు కనుక వచ్చే ఏడాది అక్టోబరులోనే మార్పించుకోండి. ఉదయం బయలుదేరేముందు అద్దాలే కాక కారు పైకప్పు, లైట్లు, నంబరు ప్లేటు మీది మంచు కూడా పూర్తిగా దులపాలి. ఆ పని చేస్తూ ఇంజను ఆన్‌చేసి వదిలేయకూడదు, ఊళ్లో నిలిచిన బండి ఇంజను నడవనివ్వడం నిషిద్ధం.

రోజువారీ జీవితం గురించి కొంత. 2021 నుంచి మనం యూరోపియన్ యూనియన్ బయటివారమే కనుక ఇంటి చిరునామా నమోదు, నివాసకార్డు, ‘పెసెల్’ అనే గుర్తింపు సంఖ్య ఇవన్నీ తప్పవు. పెసెల్ రానిదే ఫోను కనెక్షను నుంచి పిల్లల టీకాల దాకా ప్రతిదీ ఆలస్యమవుతుంది, కాబట్టి అన్నిటికంటే ముందు దాని పని చూడండి. ఆదివారాలు ఏడాదిలో ఎనిమిది తప్ప పెద్ద దుకాణాలు తెరవరు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి.

వంటింటి విషయంలో మీకు మంచి వార్త. ఇక్కడి ‘కాషా మన్నా’ అంటే మన బొంబాయి రవ్వే. ‘కాషా యగ్లానా’ అంటే వరిగలు. ‘మష్లాంకా’ అచ్చంగా మజ్జిగ. మా అమ్మగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు అల్లం, కరివేపాకు వేసి దానితోనే మజ్జిగపులుసు చేస్తే, ఈ దేశపు మజ్జిగని చెప్పినా ఆవిడ నమ్మలేదు. సోయికూర ప్రతి కూరల కొట్టులోనూ కట్టలుగా దొరుకుతుంది.

మాట్లాడేటప్పుడు కొత్తవారిని పేరుపెట్టి పిలవవద్దు. మగవారికి ‘పాన్’, ఆడవారికి ‘పాని’ అని చేర్చడం ఇక్కడి మర్యాద. ‘గారు’ అనకుండా పెద్దలతో మాట్లాడలేని మనకు ఇది ఇంగ్లీషువారికంటే తొందరగా వస్తుంది. లిఫ్టులో, డాక్టరు దగ్గర వరుసలో అడుగు పెట్టగానే ‘జేన్ దొబ్రి’ అనండి. ఆ ఒక్క పలకరింపుతో ఎదుటివారి ముఖం మారడం నేను రోజూ చూస్తున్నాను.

నవంబరు 1 తారీఖు గుర్తుంచుకోండి. ఆ రోజు దేశమంతా తమవారి సమాధుల దగ్గర దీపాలు పెట్టడానికి బయలుదేరుతుంది, శ్మశానాల చుట్టుపక్కల దారులు మళ్లిస్తారు. కారు ఇంట్లో ఉంచి చీకటిపడ్డాక పిల్లలతో నడిచి వెళ్లి చూడండి. కార్తీకమాసంలో దీపాలు చూసి పెరిగిన మనకు ఆ వెలుగు పరాయిదనిపించదు.

మళ్లీ ప్రశ్న

ఇంత ఓపికగా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఇంకొక రెండు సందేహాలు. మా వారు ఇంగ్లండ్‌లో కారు నడపలేదు, ఆయనకు హైదరాబాద్‌లో తీసుకున్న లైసెన్సు మాత్రమే ఉంది. అది మార్చుకోవచ్చా? మా కారు మూడేళ్లదే, దాన్ని నడుపుకుంటూ తెచ్చుకోవడం మంచిదేనా?

జవాబు

మీ వారి లైసెన్సును కూడా మార్చుకోవచ్చు, కానీ భారతదేశం ఆ వియన్నా ఒప్పందంలో లేదు కనుక ఆయన ఇక్కడి థియరీ పరీక్ష పాసవ్వాలి. లైసెన్సుకు ప్రమాణీకృత అనువాదకుడి ముద్రతో పోలిష్ అనువాదం కావాలి. పరీక్ష ఇంగ్లీషులోనూ రాయవచ్చు. 25 నిమిషాల్లో 32 ప్రశ్నలు, 74 మార్కులకు 68 రావాలి. వీడియో చూపించి అక్కడికక్కడే ‘అవును’, ‘కాదు’ అని చెప్పమంటారు. కూడలిలో ఎవరు ముందన్నది కూడా అడుగుతారు కనుక చదువు అక్కడి నుంచి మొదలుపెట్టమనండి.

కారు మాత్రం అక్కడే అమ్మేసి రమ్మని నా మనవి. ఆరు నెలలకు పైగా మీ సొంతంగా వాడుతూ, బ్రిటన్‌లో ఏడాదికి పైగా నివసించి వస్తున్నవారికి సామానుతోపాటు కారుకు కూడా సుంకం మినహాయింపు ఉంది, కానీ తెచ్చాక ఏడాదిపాటు అమ్మడానికి వీల్లేదు. బ్రిటన్ కారు హెడ్‌లైట్లు ఎడమ అంచుకు వెలుగు పడేలా ఉంటాయి, ఇక్కడ అవి ఎదుటివారి కళ్లలో కొడతాయి. వెనక ఫాగ్ లైటు కూడా కుడివైపు ఉంటుంది, ఇక్కడ ఎడమవైపో మధ్యనో ఉండాలి. వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఒక్కో వైపుకు ఒక్క వరుసే ఉన్న రోడ్డు మీద లారీని దాటేటప్పుడు వస్తుంది: కుడివైపు కూర్చున్న మీకు ఎదురుగా ఏం వస్తోందో సగం కారు బయటికి వచ్చేదాకా కనబడదు. పిల్లలు వెనక సీటులో ఉండగా ఆ సాహసం వద్దు.

మీరు వచ్చి సర్దుకున్నాక దుకాణాలు మూసిన ఒక ఆదివారం ఉదయం ఎనిమిదింటికి నాకు కబురు పెట్టండి. ఆ వేళ రోడ్లు ఖాళీగా ఉంటాయి. మీ పక్కన కూర్చుని, క్షికిలో ఆ పెద్దాయన నాకు పాఠం చెప్పిన కూడలితో మొదలుపెట్టి, బోర్డులు లేని కూడళ్లన్నీ ఒక గంటలో తిప్పి చూపిస్తాను.