మాంటిస్సోరి వస్తువులు: తెరిచిన అరల్లోనా, అద్దాల బీరువాలోనా?

హనుమకొండ టీచర్:
మాంటిస్సోరి బడిలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకునే వస్తువులన్నీ అద్దాల బీరువాలో సర్ది తాళం వేయమని మా యాజమాన్యం అంటోంది. ముక్కలు పోతున్నాయట. పైగా అడ్మిషన్లకు వచ్చే తల్లిదండ్రులకు నిండుగా కనిపించాలట. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కాజీపేట టీచర్:
తాళం ససేమిరా వద్దు మేడం. ఈ పద్ధతిని రూపొందించిన ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదటి బడి తెరిచినప్పుడు అక్కడా వస్తువులు బీరువాలోనే ఉండేవి, టీచరే తీసి ఇచ్చేవారు. ఒకరోజు తాళం వేయడం మరిచిపోతే, పిల్లలు ఎవరికి కావలసింది వారే తీసుకుని పనిలో పడిపోయారు. పిల్లలకు అందే పొట్టి అరలు ఆ తర్వాత వచ్చినవే. ఆమె వద్దనుకున్న పద్ధతికే మిమ్మల్ని మళ్లీ వెళ్లమంటున్నారు.

ముక్కలు పోవడం నిజమే. ఒకదానిపై ఒకటి పేర్చే గులాబీ గోపురంలో పది ఘనాలుంటాయి, పెద్దది 10 సెంటీమీటర్లు, చిన్నది ఒక్క సెంటీమీటరే. పోయేది ఎప్పుడూ ఆ చిన్నదే. కానీ అది లేకపోతే గోపురానికి కొస ఉండదు, కట్టిన పిల్లకే ముందు తెలుస్తుంది. తనే బల్లల కింద వెతుకుతుంది. తాళం వేస్తే ఆ శ్రద్ధ ఎక్కడ నేర్చుకుంటుంది?

పరకాల అమ్మ:
నేను ఒప్పుకోను. ఎండాకాలం మా ఊళ్లో గంటకోసారి తుడిచినా దుమ్మే. అద్దం ఉంటే తప్పేమిటి? పైగా అన్నీ ఒక్కొక్కటే పెడతారు. ఒకే వస్తువు కోసం ఇద్దరు కొట్లాడుకుంటే రెండో సెట్ కొనరాదా? ఫీజు తక్కువేమీ కాదు కదా!

కాజీపేట టీచర్:
అమ్మా, దుమ్ము మాట నిజం. అయితే రోజూ ఒక అర తుడవడం పిల్లల పనిగా పెట్టండి, ఈ పద్ధతిలో అదీ పాఠమే. రెండో సెట్ మాత్రం వద్దు. అవతలి బాబు పని ముగించి, తెచ్చిన చోట పెట్టేదాకా ఆగడం ఆ వయసులో నేర్వాల్సిన పెద్ద విద్య.

అసలు చిక్కు అరలను కిక్కిరిసేలా నింపడంలో ఉంది. ఎలా వాడాలో చూపించినవే అరలో ఉండాలి. తేలికవి ఎడమ వైపు, కష్టమైనవి కుడి వైపు. వేలితో తడిమి నేర్చుకునే గరుకు కాగితపు అక్షరాలైతే మన అక్షరమాల యాభై దాటుతుంది, అన్నీ ఒకేసారి పరిస్తే పిల్లవాడు బెదిరిపోతాడు. మూడు నాలుగు చాలు, అవి వచ్చాక ఇంకో రెండు.

పిల్లలు వస్తువులు పెట్టుకుని పనిచేసేందుకు నేల మీద పరచడానికి వరంగల్ కొత్తవాడలో చిన్న జంపఖానాలు నేయించుకోండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది. కానీ పూలూ గీతలూ లేకుండా ఒకే రంగులో అడగండి, లేకపోతే పిల్లల చూపు వస్తువు మీద నిలవదు.

హనుమకొండ టీచర్:
అయితే బీరువాను ఇంకా చూపించని వస్తువులు దాచడానికి వాడతానని యాజమాన్యానికి చెబుతాను. తల్లిదండ్రులను పిల్లలు పనిలో ఉన్న వేళ ఓ అరగంట కూర్చోబెడతాను.

పరకాల అమ్మ:
ఆ అరగంటకు నన్నూ పిలవండి మేడం. దుమ్ము సంగతి మాత్రం చూసే ఒప్పుకుంటాను.