దెబ్బ తగిలినవాడి దగ్గర ఆగితే నిజంగా చిక్కుల్లో పడతామా?

నందిగామ బండి:
నేను రోజూ బండి మీద నందిగామ నుంచి ఇబ్రహీంపట్నం దాకా వెళ్లి వస్తుంటాను. మొన్న సాయంత్రం కంచికచర్ల దాటాక ఒకాయన బండి జారి డివైడర్ పక్కన పడి ఉన్నాడు. చుట్టూ పది పదిహేను మంది మూగారు. ఇద్దరు ఫోన్లో వీడియో తీస్తున్నారు. ఇంకొకాయన సీసా మూత తీసి ఆ మనిషి ముఖం మీద నీళ్లు చల్లుతున్నాడు. 108కి చెప్పారా అని అడిగితే, "చెప్పే ఉంటారండీ" అన్నారు. ఎవరు చెప్పారంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి నేనే ఫోన్ చేశాను. అంబులెన్సు వచ్చి తీసుకెళ్లింది.

ఇంటికొచ్చి చెబితే మా మామగారు మండిపడ్డారు. "నీ నంబరు నుంచి ఫోన్ వెళ్లింది కదా, ఇక స్టేషన్ చుట్టూ తిరుగు" అన్నారు. వాళ్ల స్నేహితుడొకరు ఎప్పుడో ఒకరిని ఆసుపత్రిలో చేర్చిన పాపానికి ఏళ్ల తరబడి కోర్టు వాయిదాలకు తిరిగారట. ఇప్పటికీ అలాగే ఉందా? అసలు మన జనం ఆగుతారా, ఆగరా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఉపన్యాసాలు వద్దు.

ప్లీడరు గుమాస్తా:
మీ మామగారి భయం ఊరికే పుట్టింది కాదు, ఒకప్పుడు అలాగే ఉండేది. సాయం చేసినవాళ్లను వేధించకూడదని 2015లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2016 మార్చిలో సుప్రీంకోర్టు వాటిని అందరూ పాటించి తీరాలంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. ప్రతిఫలం ఆశించకుండా, మంచి ఉద్దేశంతో సాయం చేస్తున్నప్పుడు పొరపాటున ఏదైనా జరిగినా ఆ మనిషి మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. 2020లో వచ్చిన నియమాల ప్రకారం పేరు, చిరునామా, ఫోన్ నంబరు చెప్పమని పోలీసులు గానీ ఆసుపత్రి గానీ బలవంతం చేయకూడదు. మీ అంతట మీరు సాక్షిగా ఉంటానంటేనే వాంగ్మూలం తీసుకోవాలి.

ఆసుపత్రిలో "ముందు డబ్బు కట్టండి, పోలీసు కాగితం తెండి" అంటే గట్టిగా అడగండి. చట్టపరమైన లాంఛనాల కోసం ఎదురుచూడకుండా వైద్యం మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కాగితం మీద ఇన్ని ఉన్నాయి. కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడికి ఇవన్నీ తెలిసి ఉంటాయని మాత్రం నేను పూచీ ఇవ్వను.

కలికాలం:
ఎన్ని చట్టాలు వచ్చినా మనిషిలో మానవత్వం చచ్చిపోయింది. వీడియోలు తీసేవాళ్లే అందరూ. అమెరికాలో ఒకమ్మాయిని చంపుతుంటే 38 మంది చూస్తూ ఊరుకున్నారని ఎక్కడో చదివాను.

పాత ఈఎంటీ:
కలికాలం గారూ, ఆ 1964 నాటి న్యూయార్క్ కథను అచ్చేసిన పత్రికే, అందులో చాలా అతిశయోక్తి ఉందని తర్వాత ఒప్పుకుంది. ఆ అమ్మాయిని చివరి నిమిషాల్లో ఒడిలో పెట్టుకుని కూర్చుంది కూడా ఒక పొరుగావిడే. ఆమ్‌స్టర్‌డామ్, లాంకస్టర్, కేప్‌టౌన్ వీధి కెమెరాల్లో పడిన 219 గొడవలను పరిశోధకులు పరిశీలిస్తే, పదింట తొమ్మిదింటిలో కనీసం ఒకరైనా కల్పించుకున్నారని 2019లో తేలింది.

అదలా ఉంచండి. నేను చాలాకాలం 108 అంబులెన్సులో ఈఎంటీగా, అంటే దారిలో ప్రథమ చికిత్స చేసేవాడిగా పనిచేసి, ఇప్పుడు ఊళ్లో మందుల షాపు పెట్టుకున్నాను. మాకు వచ్చిన రోడ్డు ప్రమాదాల ఫోన్లు చాలావరకు దారిన పోయేవాళ్లు చేసినవే. ఆటోవాళ్లు, పాలు పోసేవాళ్లు, పొలం పని ముగించుకుని వచ్చే ఆడవాళ్లు. కార్లవాళ్లు తక్కువ. కోపం తెచ్చుకున్నా సరే, నేను చూసింది ఇదే.

మాకు తలనొప్పంతా ఆగినవాళ్లు చేసే సేవతోనే. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోస్తారు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చంకల్లో చేతులు వేసి లేపి కూర్చోబెడతారు, మెడ ఎముక విరిగి ఉంటే ఇక అంతే సంగతులు. హెల్మెట్ లాగేస్తారు. ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళాల గుత్తి పెడతారు, అందువల్ల ఒరిగేదేమీ లేదు.

ఒకసారి సూర్యాపేట అవతల ఒక కుర్రాడికి తొడ చీరుకుపోయింది. మేం వెళ్లేసరికి మొక్కజొన్న పొత్తులు అమ్మే ముసలమ్మ మోకాళ్ల మీద కూర్చుని, తువ్వాలు మడిచి గాయం మీద రెండు చేతులా అదిమిపట్టి ఉంది. నేను కట్టు కట్టడానికి సిద్ధమై చెయ్యి తీయమంటే తీయలేకపోయింది. వేళ్లు బిగుసుకుపోయాయి. ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఇలా నొక్కమని ఎవరు చెప్పారమ్మా అంటే, "కారుతుంటే చూస్తూ కూర్చుంటామా నాయనా" అంది. మేం శిక్షణలో నేర్చుకున్నదీ అదే.

గుంపులో పని జరగాలంటే పేరు పెట్టి పిలిచినట్టు ఒక్కరికే చెప్పాలి. "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు. "నీలం చొక్కా తమ్ముడూ, నువ్వు 108కి చెయ్యి. అన్నా, నువ్వు ముందుకెళ్లి బండ్లు ఆపు" అనండి. అప్పటిదాకా వీడియో తీస్తున్నవాడే పరుగెత్తుతాడు. చాలామందిది చెడ్డ మనసేమీ కాదు, ఏం చేయాలో తెలియక ఫోన్ బయటికి తీస్తారు.

రాత్రి లారీ:
నేను హైదరాబాద్, విజయవాడ మధ్య సరుకు తోలుతాను. అర్ధరాత్రి ఒంటరిగా ఉంటే నేను ఆగను. మనిషిని రోడ్డు మీద పడుకోబెట్టి దోచుకునేవాళ్ల సంగతి మా డ్రైవర్లందరికీ తెలుసు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. పడి ఉన్న బండి పక్కన లారీ ఆగి ఉంటే, ఊళ్లోవాళ్లు వచ్చీ రాగానే ఈ లారీయే గుద్దిందంటారు. చట్టం చూపించేలోపే దెబ్బలు పడిపోతాయి. మాకు తెలిసిన డ్రైవర్ ఒకతను నీళ్లు ఇద్దామని దిగి తల పగలగొట్టించుకున్నాడు. అందుకే ఆగకుండా జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తాను, తర్వాత వచ్చే టోల్ గేటు దగ్గర కూడా చెబుతాను. తిట్టేవాళ్లు తిట్టండి.

పాత ఈఎంటీ:
తిట్టేదేముంది? మీరు చేసింది సాయమే. ఊళ్లోవాళ్లు కొట్టడం మేమూ చూశాం. ఆలస్యమైందని అంబులెన్సు మీదా రాళ్లు పడ్డాయి.

నందిగామ బండి:
అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా మా మామగారికి చదివి వినిపించాను. "ఆ గుమాస్తాను ఇక్కడికి వచ్చి చెప్పమను" అన్నారు, ఇంకా నమ్మలేదు. ఈఎంటీ గారూ, ఇంకొక సందేహం. నేను "కంచికచర్ల దాటాక పెట్రోలు బంకు దగ్గర" అని చెప్పాను. అంబులెన్సు ముందు అవతలి వైపు నుంచి వెళ్లిపోయి, మళ్లీ తిరిగి వచ్చింది. ఎలా చెప్పాల్సింది?

పాత ఈఎంటీ:
ఆ దారిలో బంకులకు కొదవా అండీ! రోడ్డు పక్కన పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి ఉంటుంది. దాని మీది అంకె చెప్పండి. ఆ తర్వాత విజయవాడ వెళ్లే వైపా, హైదరాబాద్ వెళ్లే వైపా అన్నది తప్పకుండా చెప్పండి. డివైడర్ అవతల పడితే పైలట్, అంటే అంబులెన్సు డ్రైవరు, యూటర్న్ దాకా పోయి రావాలి. ఫోన్ పెట్టేశాక వేరే ఎవరితోనూ మాట్లాడుతూ కూర్చోకండి, దారి అడగడానికి పైలట్ అదే నంబరుకు తిరిగి చేస్తాడు.