బంగారు కత్తి ‘అని’యా, ‘అయితే’నా?

అరసున్న:
మూడు రోజులుగా ఒక సామెత నన్ను వదలడం లేదు. “బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా” అన్నది నాకు గుర్తున్న పాఠం. అయితే “బంగారు కత్తి అయితే మాత్రం” అని మొదలయ్యే పాఠం కూడా చెవిలో మెదులుతూనే ఉంది. మిత్రుడొకరు చాలా ఖరీదు పెట్టి ఒక పెద్ద నరుకుడు కత్తి కొన్నారు. దాని అలుగు (కోసే రేకు) జానెడు కన్నా కాస్త ఎక్కువ ఉంటుంది, వెన్ను మందం ఆరు మిల్లీమీటర్లు, పెట్టె మీద మాత్రం ‘మషెటీ’ (పొదలూ తీగలూ నరికే కత్తి) అని అచ్చు వేసి ఉంది. దీన్ని మచ్చుకత్తి అనవచ్చునా అని ఆయన అడిగినప్పుడు ఈ సామెత సగం నోటికి వచ్చి ఆగిపోయింది. అసలు పాఠం ఏదో పెద్దలు చెప్పాలి.

బండి ఱ:
‘అని’యే సరైన పాఠం, ఇందులో నాకు సందేహం లేదు. ‘అయితే’ అన్నప్పుడు కత్తి నిజంగానే బంగారమని ముందే ఒప్పుకున్నట్టు అవుతుంది. ‘అని’ అన్నప్పుడు అది ఎవరో పెట్టిన పేరు, మనం నమ్మిన మాట. పెట్టె మీద ‘మషెటీ’ అని ఉన్నంత మాత్రాన అది మషెటీ అయిపోదు కదా. మీ మిత్రుడి ప్రశ్నకు జవాబు ఆ రెండు అక్షరాలలోనే ఉంది.

వట్రసుడి:
మన్నించాలి, ఆ ‘అని’ అనుకరణార్థకం (ఒకరి మాటను తిరిగి చెప్పేది) కాదు, హేత్వర్థకం (కారణం చెప్పేది). “ఆకలి వేసిందని తిన్నాడు” అన్నప్పుడు ఆకలి వేయడాన్ని మనం శంకించడం లేదు. అలాగే ఇక్కడ బంగారాన్ని ఎవరూ శంకించడం లేదు. బంగారమైనందువల్ల మెడ కోసుకోవడం సబబు కాదని మాత్రమే సామెత చెబుతోంది. ఆ మాటకొస్తే, చూడవలసింది ‘అని’ని కాదు, ‘కోసు’ను. కోయడమంటే వాదరను, అంటే పదునైన అంచును, ఒత్తి లాగడం, నరకడమంటే చేయి ఎత్తి వేటు వేయడం. సామెతలోని కత్తి కోసే కత్తి, పెట్టెలోని కత్తి నరికే కత్తి. రెండింటినీ ఒక గాట కట్టడం నాకు సమ్మతం కాదు.

తలకట్టు:
నరకడంలోనూ రెండు రకాలు ఉన్నాయని ఈ రెండు రకాల కత్తులూ వాడిన వాడిగా చెబుతున్నాను. మషెటీ అలుగు సాధారణంగా ముప్పై నుంచి నలభై అయిదు సెంటీమీటర్ల పొడవు, రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పచ్చి తీగ మీద వేటు వేసినప్పుడు తీగను తెంచేది బరువు కాదు, కొన దగ్గర పుట్టే వేగం. మందపాటి ఖరీదైన కత్తితో అదే తీగను కొట్టి చూశాను. తెగలేదు సరికదా, వంగి అలుగుకు చుట్టుకుంది. అరగంట గడిచేసరికి మణికట్టు లాగడం మొదలైంది. అదే కత్తిని ఎండు దుంగ మీద పెట్టి వెన్ను మీద కట్టెతో కొట్టినప్పుడు మాత్రం దుంగ రెండుగా విచ్చుకుంది. ఇక ఉక్కు సంగతి. మషెటీకి కావాలనే కాస్త మెత్తగా పానం పెడతారు, అంటే ఉక్కును మరీ గట్టిపడనివ్వరు. రాయికి తగిలితే వాదర మడత పడుతుంది, ఆకురాయితో పది సార్లు రుద్దితే మళ్లీ దారికి వస్తుంది. నా ఖరీదైన కత్తి గట్టి ఉక్కు కావడంతో రాయి తగిలిన చోట వాదర చంద్రవంకలా ఊడిపోయింది. దాన్ని సాన మీద సరిచేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అప్పటి నుంచి నేల దగ్గర మొక్కల మీదకు దాన్ని పోనివ్వడం లేదు. నేలకు భయపడే కత్తి మషెటీ ఎలా అవుతుంది?

బండి ఱ:
అనుభవం బాగుంది కానీ మనం మాట గురించి మాట్లాడుకుంటున్నాం. ‘మషెటీ’ స్పానిష్ మాట. పెద్ద సుత్తిని చెప్పే ‘మాచో’కు ‘చిన్నది’ అని చెప్పే అల్పార్థక ప్రత్యయం చేరి పుట్టిందని నిఘంటుకారులు చెబుతారు. ఆ చకారం ఇంగ్లీషులో షకారమైంది. మన ‘మచ్చు’ ఆ ‘మాచో’ నుంచే వచ్చిందని నేను చాలా కాలంగా అనుకుంటున్నాను.

వట్రసుడి:
మచ్చులోని చకారం దంత్యం, అంటే నాలుక పళ్లకు తగిలి పలికేది. అచ్చ తెలుగు మాటలలో ఆకార, ఉకారాలతో కూడిన చకారం దంత్యమేనని వ్యాకరణకర్త చిన్నయసూరి చెప్పనే చెప్పాడు. అరువు మాటలు ఈ నియమానికి లొంగవు. ‘చాకు’నే చూడండి, ఆకారం ఉన్నా అది తాలవ్యంగానే (నాలుక అంగిలికి తగిలేలా) పలుకుతుంది. పైగా కన్నడంలోనూ ఈ కత్తి పేరు మచ్చే. పొరుగింటి చుట్టాన్ని వదిలేసి సముద్రం దాటి చుట్టరికం కలపడం దేనికి?

సున్న:
ఇంత చర్చలో వేమన గుర్తుకు రాకపోవడం ఆశ్చర్యం. ఉప్పునూ కప్పురాన్నీ పక్కన పెట్టినవాడు ఈ రెండు కత్తుల సంగతి ఎప్పుడో తేల్చేశాడు. ఆ పద్యంలో నాకు ఇష్టమైనది ‘చూడఁ జూడ’ అన్న జంట. మొదటి చూపు కంటిది, రెండో చూపు నాలుకది, ఎందుకంటే మనం రుచిని కూడా ‘చూస్తాం’. కత్తినీ చేత్తో పట్టి ‘చూస్తాం’.

వట్రసుడి:
అది వీప్స, మాటిమాటికీ చూడగా అని అర్థం. కన్నూ నాలుకా అన్నది మీ కల్పన. అందంగా ఉందని మాత్రం ఒప్పుకుంటాను.

సున్న:
బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించిననాటి నుంచీ ఆయన మీద కల్పనలు సాగుతూనే ఉన్నాయి, నాదొకటి అదనం. ఇంతకీ మీరు ‘అందంగా ఉందని’ అన్నారే, ఆ ‘అని’ హేత్వర్థకమా, అనుకరణమా?

తలకట్టు:
ఒక్క మాట చెప్పి తప్పుకుంటాను. పెద్ద కత్తికి ‘నరుకుడు కత్తి’ అన్న పేరే చాలు, గౌరవానికి లోటు లేదు. మచ్చుకత్తి అన్న పేరును పొడవుగా, పలుచగా ఉండి, పారేసుకున్నా ప్రాణం ఉసూరుమనని కత్తికి ఉంచుదాం.

అరసున్న:
అందరికీ కృతజ్ఞతలు. మిత్రుడికి ఇంకా జవాబు చెప్పలేదు. ఆయన ఆ కత్తితో నిక్షేపంగా ఎండు కట్టెలు చీల్చుకుంటున్నారు, పెట్టెను మాత్రం పారేయలేదు. నాకు మరో సందేహం వచ్చింది. మా ఇంట్లో ఈ సామెతను “బంగారపు కత్తి” అనేవారు. ఆ ‘పు’ అక్కడ ఉండాలా, వద్దా?